ముక్కు మూసుకున్న మునగ

తాటిమెట్ట కాలనీకి ఒక సైరను ఉంది. ఫ్యాక్టరీ గేటు పక్కన ఇనప స్తంభం మీద, పెళ్ళిలో అలిగిన వియ్యంకుడిలా మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంటుంది. గాలిలోకి రాకూడనిది వచ్చినప్పుడు అది మోగాలి. పెట్టిననాటి నుంచి దాని గొంతు విన్నవాడు లేడు. అందుకని కాలనీ ఆడవాళ్ళు తమ సైరన్ని తామే నీళ్ళు పోసి పెంచుకున్నారు. ప్రతి క్వార్టరు పెరట్లోనూ ఒక మునగచెట్టు.

పొగ విషయంలో ఒక్కో చెట్టుది ఒక్కో తత్వం. చింత చింతిస్తుంది, వేప వేచి చూస్తుంది, తాడి తాడోపేడో తేల్చుకుందామని నిలబడుతుంది. మునగ అంత ఓర్పున్న మనిషి కాదు. చిమ్నీ లోంచి పసుపు కలిసిన తెల్లపొగ కిందికి వాలిందంటే చాలు, మనిషి గొంతులో గరగర మొదలవకముందే దాని కొసాకులు పండిపోయి జలజలా రాలతాయి. ఆ రాలడం మొదట చూసిన ఆడమనిషి, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, "ఆకు దిగిందే" అని కేకేసేది. ఆ కేక పక్క పెరటికి, అక్కణ్ణుంచి ఆ పక్క పెరటికి పాకేది. బట్టలు లోపలికి, వడియాలు లోపలికి, పిల్లలు లోపలికి. తలుపులు వేసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, మళ్ళీ గాలి తిరిగేదాకా ఎవరూ బయటకి వచ్చేవారు కారు. ఆకు పడితే ఆకులపాటు. కాలనీ బతుకంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఆ చెట్టుకి వైద్యం చేసి కాలనీని రోగానికి అప్పజెప్పినవాడు డాక్టర్ పొట్నూరు ముకుందరావు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కథ సులువుగా అయిపోయేది.

విశాఖలోని ఒక ప్రయోగశాలలో చెట్ల మీద పరిశోధన ఆయన ఉద్యోగం. మాటల మీద పరిశోధన ఆయన వ్యసనం. యాభై దాటినా పదం కనబడితే చాలు, వేరుశెనక్కాయలా నొక్కి లోపల ఏముందో చూడందే వదిలేవాడు కాదు. తాటిమెట్టలో ఉన్న చెల్లెలు రాజ్యం ఇంటికి వచ్చినప్పుడల్లా, "కర్మాగారం అని ఊరికే అనలేదు బావా, కర్మ ఆగదు, అదీ ఆగదు" అనేవాడు. ఆ బావ, శివ్వాల సత్యం, అదే కర్మాగారంలో కంట్రోల్ రూమ్ ఆపరేటరు కనక నవ్వకుండా అన్నం కలుపుకునేవాడు. "చూశావా చెల్లీ, సత్యం ఎప్పుడూ తల వంచుకునే భోంచేస్తుంది" అని ఇంకోటి వదిలేవాడు ముకుందరావు. రాజ్యం మాత్రం నవ్వేది. పుట్టింటివాళ్ళ హాస్యానికి ఆడపిల్ల నవ్వకపోతే ఇంకెవరు నవ్వుతారు.

వాళ్ళ కూతురు ఊర్మిళకి తొమ్మిదేళ్ళు. మేనమామ మీసం పట్టుకు లాగేంత చనువు, మెట్లెక్కితే ఆగిపోయేంత ఊపిరి. పుట్టినప్పటి నుంచి ఛాతీ నాసి.

"అన్నియ్యా, ఊరందరి చెట్లకీ డాక్టరువి కదా, నా మునగకి ఏటైనా మందు చెప్పు" అంది రాజ్యం ఒకసారి పులుసు వడ్డిస్తూ. "ఆకు నిలవదు, పూత నిలవదు. నాలుగు కాడలు పులుసులో వేద్దామంటే బజారుకి పరిగెట్టాల. పెరట్లో చెట్టుండి ఏటి లాభం."

ఆకు ఎందుకు రాలుతోందో ఆమెకు తెలుసు. రాలితే తను ఏం చేస్తోందో కూడా తెలుసు. కానీ రోజూ ఉప్పు వేసే చెయ్యి ఉప్పు గురించి మాట్లాడదు గదా. ఆమె కాడల గురించి మాట్లాడింది. అన్న కాడల గురించే విన్నాడు.

అప్పటికే ఆయన ప్రయోగశాలలో రెండు మునగ మొక్కలు రెండు గాజుపెట్టెల్లో ఉన్నాయి. ఒకనాటి ఉదయం డైరెక్టరు వైదేహి గారిని పిలిచి, ఒకే గొట్టంతో రెండు పెట్టెల్లోకీ పొగ వదిలాడు. అచ్చంగా చిమ్నీ పొగలాంటిదే, గంధకం కాల్చి తీసింది. వాళ్ళిద్దరూ టీ తాగేలోగా ఎడమ పెట్టెలో మొక్క బోసిపోయింది. కుడి పెట్టెలోది ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"దీనికేం చేశారు?" అన్నారు వైదేహి.

ముకుందరావు కుడి మొక్క ఆకు ఒకటి తుంచి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఆకు అడుగున సన్నసన్నని రంధ్రాలు. చెట్టు ముక్కులు అవే. ప్రతి ముక్కు అంచునా ముత్యపు గింజలా ఒక సూక్ష్మజీవుల గుంపు, ఆయన ఏళ్ళ తరబడి పెంచి మచ్చిక చేసినది. పొగ సోకి గింజ ఉబ్బి రంధ్రాన్ని బిరడాలా మూసేసింది. ఆయన చిన్న పంపుతో మంచి గాలి ఊదాడు. గింజ మెల్లగా ముడుచుకుంది, రంధ్రం తెరుచుకుంది.

"ముక్కుపుడక అండీ" అన్నాడు. "మంచిగాలికి మెరుస్తుంది, చెడుగాలికి మూస్తుంది."

"కాగితాల్లో మాత్రం గంభీరమైన పేరేదైనా రాద్దాం" అన్నారు వైదేహి. ఆకు మీంచి కళ్ళు తీయకుండానే అన్నారు. ఆవిడ కూడా చెట్ల మనిషే.

పుట్టింటి సారెలో చీర ఉంటుంది, పసుపుకుంకాలు ఉంటాయి, చలిమిడి ఉంటుంది. ఆ శ్రావణంలో ముకుందరావు తెచ్చిన సారెలో ఒక స్ప్రే డబ్బా కూడా ఉంది. తనే పంచె ఎగగట్టి, నిచ్చెనెక్కి, రాజ్యం మునగకి ఆకు ఆకుకీ కొట్టాడు. ఊర్మిళ కింద నిచ్చెన పట్టుకుని, "మావయ్యా, చెట్టుకి ముక్కు కుడుతున్నావా" అని అడిగింది. "నొప్పి లేకుండా" అన్నాడు.

ఆకు నిలిచింది. పూత నిలిచింది. సంక్రాంతి ముగ్గులు చెరిగేనాటికి రాజ్యం పెరట్లో కాడలు జడల్లా వేలాడాయి. ఆ పెరటి గాలి పక్క పెరటికీ వీస్తుంది కదా. వానచినుకుతో, పిట్ట కాలితో ముక్కుపుడక ఆ చెట్టుకీ ఈ చెట్టుకీ పాకింది. లైనంతా పచ్చబడింది. "మీ అన్నియ్య చేతిలో అమృతం ఉన్నాదొలే" అని పక్కింటి పార్వతమ్మ వచ్చి కాడలు పట్టుకెళ్ళింది.

ఆ తర్వాత వచ్చినవాడు ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు ప్రభంజనరావు. పేరుకి ప్రభంజనం గాని మనిషి పిల్లతెమ్మెరలా మాట్లాడతాడు. ఫ్యాక్టరీ చుట్టూ చెట్ల పట్టీ పెంచాలని నిబంధన ఉంది. ఎన్నిసార్లు నాటినా చెట్లు కర్రలైపోతున్నాయి, తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ కర్రలు చూసి ప్రశ్నలు వేస్తున్నారు. "మీ మందు మాక్కావాలి డాక్టరుగారూ, చెట్లు బతకాలి" అన్నాడు. చెట్లు బతకాలంటే ముకుందరావు కాదనగలడా. మందు పట్టీ అంతటా కొట్టారు. మోళ్ళు చిగిర్చాయి. ప్రహరీ చుట్టూ పచ్చటి గోడ లేచింది.

ఇక సన్మానాలు. పొగని ఆపనివాణ్ణి పొగడ్తలతో ముంచెత్తారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. ప్రతి సభలోనూ ముకుందరావు మాటల గారడీ చేసేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. ఆయన మాట్లాడ్డానికి లేస్తేనే ముందు వరసలో నవ్వు మొదలయ్యేది. మనిషిని మునగచెట్టెక్కించడం అంటే ఏమిటో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. మునగకొమ్మ ఎంత పెళుసో కూడా చెట్ల డాక్టరుకి తెలుసు. తెలిసే ఎక్కాడు. పైనుంచి ఊరు అందంగా ఉంటుంది.

చెట్లు లావెక్కే తీరు కొలవడానికి పట్టీలోని కొన్ని మానులకి ఆయన స్ప్రింగు ఉన్న రేకుపట్టాలు కట్టాడు. మాను పెరిగేకొద్దీ స్ప్రింగు సాగుతుంది. వాటికి వడ్డాణాలని పేరు పెట్టాడు. ముక్కుపుడక పెట్టినవాడు అక్కడితో ఆగుతాడా. మొదటి వానాకాలంలో వడ్డాణాలన్నీ చక్కగా సాగాయి. మరుసటి ఏడు సాగడం మానేశాయి.

తుప్పనుకున్నాడు. నూనె వేశాడు. కొత్తవి కట్టించాడు. అవీ కదల్లేదు. ఆకులు మాత్రం నిండుగా, ముదురుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒక కొమ్మ కొస పట్టుకుని దగ్గరగా చూశాడు. ఒక్క లేత చిగురు లేదు. అన్నీ పాత ఆకులే. ఎప్పటివో ఆకులు, ఎప్పటి పచ్చదనమో, ఉప్పులో ఊరేసినట్టు అలాగే ఉన్నాయి.

ఆ కొమ్మ చేతిలో ఉండగానే ఫోను మోగింది. సత్యం. ఆ మనిషి జన్మలో తనంత తానుగా ఫోను చేసి ఎరగడు.

"బావగారూ, ఒకసారి కంపెనీ ఆసుపత్రికి రండి" అన్నాడు. "పిల్లకి ఊపిరి అందట్లేదు."

ఊర్మిళ మొహానికి గొట్టం పెట్టారు. ప్రతి శ్వాసకీ మెడ కింద గుంట పడి లేస్తోంది. పక్క మంచాల మీద అదే లైను పిల్లలు ఇంకొందరు. రాజ్యం కూతురి పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని కూర్చుని ఉంది, వదిలితే ఎక్కడికో నడిచి వెళ్ళిపోతుందన్నట్టు.

"ఎప్పట్నించి ఇలా ఉంది చెల్లీ?"

"పొద్దున్నుంచి దగ్గుతంది. చలిగాలేమో అనుకున్నాను." రాజ్యం గొంతు నీరసంగా ఉంది. "బయట ఆడుకుంటానంది. చెట్టు చూశాను అన్నియ్యా. పచ్చగా ఉన్నాది. ఎల్లమన్నాను. దగ్గు ఎక్కువైంది, మళ్ళీ చెట్టు చూశాను. ఒక్కాకు దిగలేదు. పార్వతమ్మ గారి చెట్టూ చూశాను, అదీ దిగలేదు. ఆడుకోనీలే అనుకున్నాను. మరి చెట్టు చెప్పలేదు కదా."

ముకుందరావు మంచం అంచున కూర్చున్నాడు. ఆయన మందు కొట్టిన ఆకుల్లో ఒక్కటీ రాలనందుకు, ఈ పిల్ల ఇక్కడ రాలిపోబోతోంది. చెల్లెలు చెట్టుని అడిగింది. చెట్టు ముక్కు మూసుకుని ఉంది, జవాబెలా చెబుతుంది.

"నీ మందు మంచిదే అన్నియ్యా. నేను నిన్నేటీ అన్లేదు" అంది రాజ్యం. అంటే బాగుండునని ఆయనకనిపించింది.

వరండా చివర, మందుల గది వెనక, సత్యం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. యూనిఫాం విప్పలేదు. ముకుందరావు దగ్గరికి రాగానే అటూ ఇటూ చూసి మొదలుపెట్టాడు.

"ఇదివరకు చెట్లెండిపోతంటే తనిఖీవోళ్ళు అడిగీవారు బావగారూ. ఆళ్ళకి భయపడి పొగగొట్టంలో వడపోత నడిపీవారు. ఇప్పుడెవులడుగుతారు. ఇన్స్పెక్షనుకొచ్చి చెట్లు చూస్తన్నారు, భేషని ఎల్లిపోతన్నారు. వడపోత తీసీశారు. సరుకు తీత పెంచీశారు. మీ చెట్లే సాక్ష్యం చెప్తన్నాయి కదా, గాలి బాగున్నాదని."

"నీకు తెలిసే..."

"నాకు తెలీకేటి. మీట నొక్కీది నేనే." సత్యం తన కుడిచేతి వేలు చూసుకున్నాడు. "నొక్కమంటారు. నొక్కుతాను. నా పేరు మాత్రం ఎక్కడా రానీకండి. ఉద్యోగం పోతే క్వార్టరు పోద్ది, ఈ ఆసుపత్రీ పోద్ది. పిల్ల గొట్టం ఈళ్ళదే."

అంత పొడుగు మాట సత్యం నోట ముకుందరావు ఎన్నడూ వినలేదు. బావగారి పేరు మీద ఇన్నేళ్ళూ ఎన్ని చతుర్లాడాడో గుర్తొచ్చి, నేల చూశాడు.

మర్నాడు రాజ్యం పెరట్లో, మునగకొమ్మకి ఒక పెద్ద పాలిథిన్ సంచి తొడిగి మూతి బిగించి కట్టాడు. బడిపిల్లలు చేసే ప్రయోగం. ఆకు ఊపిరి తీస్తే ఆవిరి వదులుతుంది, ఎండలో కాసేపటికే సంచి లోపల చెమట పడుతుంది. ప్రయోగశాలలో మంచిగాలిలో ఉన్న మొక్కకి తొడిగితే చూస్తుండగానే చుక్కలు కారాయి. ఇక్కడ పొద్దు నడినెత్తికొచ్చినా సంచి పెళపెళలాడుతూ పొడిగా ఉంది. సాయంత్రానికీ పొడే. ఆ మర్నాడూ, ఆ తర్వాతా పొడే. పట్టీలోని చెట్లకి కట్టినవీ అంతే.

అప్పుడర్థమైంది. ముక్కుపుడక చెడుగాలికి మూస్తుంది, మంచిగాలికి తెరుస్తుంది అనుకున్నాడు. మంచిగాలి రాకపోతే ఏం చేస్తుందో ఆలోచించలేదు. పొగ ఎప్పుడో వచ్చి పోయేన్నాళ్ళూ చెట్టు మూసి తెరిచి, మూసి తెరిచి, బాగానే బతికింది. చెట్టు బాగుందని పొగ పెంచారు. పొగ పెరిగిందని చెట్టు మూసింది. అది మూసిందని ఎవరికీ తెలియక ఇంకా పెంచారు. నెలల తరబడి ఆ చెట్లు ఊపిరి బిగబట్టి, తినకుండా, పెరక్కుండా, ఉన్న రసంతో పచ్చగా నిలబడి ఉన్నాయి. పచ్చి అబద్ధం అంటే ఇదే కాబోలు. ఆ అబద్ధానికి విత్తనం వేసింది తను. పోనీ తీసేద్దామంటే అది గాలిలో కలిసింది; కొండ మీది చెట్లకి కూడా పాకింది. తీసే మందు లేదు.

ప్రయోగశాలకి వెళ్ళి వైదేహి గారి బల్ల మీద ఖాళీ సంచి పెట్టాడు. చెప్పాల్సిందంతా చెప్పాడు. ఆవిడ విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు.

"వచ్చే వారం ఫ్యాక్టరీ కొత్తగా కట్టబోయే రెండో యూనిట్‌కి ప్రజాభిప్రాయ సేకరణ ఉంది" అన్నారు. "జాయింట్ కలెక్టరు వస్తారు. మన తరపున మీరు ఒక్క వాక్యం చెప్పాలి. చెట్లు ఆరోగ్యంగా ఉన్నాయని."

"ఉన్నాయా మేడమ్?"

"బతికున్నాయి కదా ముకుందరావు గారూ." ఆవిడ కిటికీ వైపు చూశారు. "ఈ మందు మీద మన ల్యాబ్‌లో సగంమంది బతుకుతున్నారు. లోపాలున్నాయని తర్వాత పత్రం రాద్దాం, నేనే మొదటి సంతకం పెడతాను. ఆ సభలో మాత్రం వద్దు. మీకు రుజువు కూడా లేదు. ఒక పొడి సంచి పట్టుకుని ఏం నిరూపిస్తారు?"

ఊర్మిళ ఇంటికొచ్చింది. మూడు దిళ్ళకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది, పడుకుంటే అందట్లేదు. ఇంకోసారి ఇలాంటిది వస్తే తట్టుకోలేదని డాక్టరు చెప్పాడు. రెండో యూనిట్ వస్తే ఇంకోసారి అన్న మాటే ఉండదు, రోజూ అదే. రాజ్యం ఇప్పుడు చెట్టుని చూడ్డం మానేసి కూతురి ముక్కుపుటాలు చూస్తోంది.

"మళ్ళీ ఆకు రాల్చేలాగ చెయ్యలేవా?" అని అడిగింది.

"లేనమ్మా."

"పోనీలే, చెట్టుని ఏటనగలం. దాని ముక్కు అది మూసుకుంది." గుక్కెడు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "నువ్వు ఆ సభలో మాట్లాడతావా?"

"మాట్లాడతాను."

"మీ బావ పేరు చెప్పీకు."

"చెప్పను."

"చెప్పకుండా ఎలాగ మాట్లాడతావు?"

ఆయన లేచి, మిగిలిన పాలిథిన్ సంచులు లెక్కపెట్టుకున్నాడు.

సభ ఫ్యాక్టరీ గేటు పక్క మైదానంలో, పచ్చని పట్టీ నీడలోనే పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ పొట్లాలు. ముకుందరావు తెల్లవారగానే వచ్చి వేదిక పక్కన ఉన్న కొమ్మలకి సంచులు తొడిగాడు. రుజువు అదేనని ఆయన ధైర్యం. జాయింట్ కలెక్టరు కళ్ళెదుటే పొడి సంచులు చూపిస్తాడు.

తల ఎత్తి చూశాక ఆ ధైర్యం కాస్తా జారిపోయింది. చిమ్నీ ఖాళీగా ఉంది. పొగపోగు కూడా లేదు. ఆకాశం ఉతికి ఆరేసినట్టు నీలంగా ఉంది, సముద్రం మీంచి గాలి తేటగా వీస్తోంది. పిల్లలు దూరంగా కొండ కనబడుతోందని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. సంచుల్లో చుక్కలు చేరుతున్నాయి. ఎన్నాళ్ళ తర్వాతో ముక్కు తెరిచిన చెట్లు ఆబగా ఊపిరి తీసుకుంటున్నాయి. జాయింట్ కలెక్టరు వచ్చి కూర్చునేసరికి సంచులు నీళ్ళతో బరువెక్కి కొమ్మలు వంగాయి.

ముకుందరావు పేరు పిలిచారు. లేచాడు. ఆయన లేవగానే ముందు వరసల్లో అలవాటు కొద్దీ చిరునవ్వులు మొదలయ్యాయి.

"అయ్యా, ఈ చెట్లు ఊపిరి బిగబట్టి నెలలైంది" అన్నాడు.

జనం నవ్వారు.

"వీటికి నేను పెట్టిన మందు ముక్కుపుడక. అది ముక్కు మూసింది."

ఇంకా నవ్వారు. ఉద్యోగుల వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ముకుందరావు చెమట తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ నవ్వించిన నోటితో ఏడుపు చెప్పబోతే దాన్నీ నవ్వుగానే పట్టుకెళుతున్నారు. జనం తప్పేముంది, అలవాటు చేసింది ఆయనే. మాటలు కూడదీసుకుని, ఆకు రంధ్రం దగ్గర్నుంచి ఆసుపత్రి మంచం దాకా, ఒక్క చమత్కారం లేకుండా చెప్పాడు. నవ్వులు తగ్గాయి గాని నమ్మకం పెరగలేదు.

జాయింట్ కలెక్టరు చిన్న వయసావిడ, ఓపిగ్గా వింది. "ఈ సంచుల్లో నీళ్ళుంటే చెట్లు ఊపిరి తీస్తున్నట్టు, అంతేనా?"

"అంతేనండి. కానీ ఇవాళొక్కరోజే..."

"ఇవాళ మాత్రం తీస్తున్నాయి."

"తీస్తున్నాయి."

"రాసుకోండి" అంది ఆవిడ గుమాస్తాతో. "చెట్లు శ్వాసిస్తున్నట్టు నిపుణులు ధ్రువీకరించారు."

వేదిక మీద ప్రభంజనరావు మజ్జిగ పొట్లం కొస కొరికి హాయిగా తాగాడు. "యంత్రాల మరమ్మతు కోసం ఇవాళ ఆపామండి, మామూలుగా చేసేదే" అన్నాడు.

ఉద్యోగుల వరసలో సత్యం తల వంచుకుని కూర్చున్నాడు. ఆ మనిషి ఒక్క మాటంటే చాలు, వడపోత సంగతి బయటపడుతుంది. ఆడవాళ్ళ వైపు రాజ్యం ఉంది, ఒళ్ళో ఊర్మిళ. ఆమె అన్న కళ్ళలోకే చూస్తూ, ఎవరికీ తెలియనంతగా తల అడ్డంగా ఊపింది. వద్దు.

ముకుందరావు మైకు వదల్లేదు.

"అమ్మా, నా మాట వదిలేయండి. నా సంచులూ వదిలేయండి. నేనొక్కటే అడుగుతాను, రెండోది అడగను" అన్నాడు. "ఫ్యాక్టరీ ఇప్పుడే నడిపించమనండి. రోజూ ఎలా నడుపుతారో అలాగే, అంతకి ఎక్కువా వద్దు తక్కువా వద్దు. మేమంతా ఇక్కడే కూర్చుంటాం. మీరూ కూర్చోండి. ఈ సంచులు మార్చి కొత్తవి కడతాను. వాటిలోనూ చుక్కలు పడితే నేను చెప్పిందంతా తప్పని నేనే రాసిచ్చి, రెండో యూనిట్‌కి నా చేత్తో కొబ్బరికాయ కొడతాను."

జాయింట్ కలెక్టరు ప్రభంజనరావు వైపు తిరిగింది. "మరమ్మతు ఎంతసేపట్లో అయిపోతుంది?"

"అది ఎప్పుడైనా మొదలెట్టొచ్చండి, అదేం పెద్ద..." ప్రభంజనరావు ఆగాడు. మైదానం నిండా కూర్చున్న జనాన్ని చూశాడు. వాళ్ళ నెత్తిన నిలబడ్డ చిమ్నీని చూశాడు. మళ్ళీ నవ్వు తెచ్చుకుని, పిల్లతెమ్మెర గొంతుతోనే, ఇంట్లో చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు అన్నాడు. "ఎలా కుదురుతుందండీ. ఇంతమంది ఆడవాళ్ళు, పసిపిల్లలు ఇక్కడే కూర్చునుండగా ఎలా నడుపుతాం?"

మాట పూర్తయ్యాక గాని ఆ మాటేమిటో ఆయనకి తెలియలేదు.

పార్వతమ్మ పక్కావిడ వైపు తిరిగి, ఏటన్నాడు అన్నట్టు చూసింది. పక్కావిడ తన చంటిదాన్ని దగ్గరికి లాక్కుంది. ఉద్యోగుల వరసలో నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే క్వార్టర్ల వైపు చూశారు. అవి ఎంత దూరమో అందరికీ తెలుసు. ఈ మైదానానికి అవతల ఒక రోడ్డు, రోడ్డుకి అవతల పెరళ్ళు. చాలాసేపటికి సత్యం తలెత్తాడు.

"అన్న మాట అన్నట్టే రాయి" అంది జాయింట్ కలెక్టరు గుమాస్తాతో. గొంతులో ఇందాకటి ఓపిక లేదు. "ఒక్క అక్షరం మార్చకు."

ప్రభంజనరావు నీళ్ళడిగాడు. ముందు వరసలో ప్రయోగశాల వాళ్ళతో కూర్చున్న వైదేహి గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

దాంతో ఫ్యాక్టరీ మూతపడుతుందని ఎవరూ అనుకోకండి. జాయింట్ కలెక్టరు చేతిలో ఉన్నది నివేదిక వరకే. అది పైకి వెళ్ళాలి, పైవాళ్ళు చదవాలి, చదివినదాన్ని ఒప్పుకోవాలి. ఆ సంగతి ఆవిడే మైకులో చెప్పింది. అంతవరకూ మొదటి యూనిట్‌ని ఆపే అధికారం తనకి లేదని కూడా చెప్పింది, ఆ చెప్పేటప్పుడు జనం వైపు చూడలేకపోయింది. సాయంత్రం షిఫ్టుకి రమ్మని ఉద్యోగులకి కబురొచ్చింది. ఆ షిఫ్టులో మీట దగ్గర సత్యమే ఉండాలి.

సభ ముగిసిందన్నారు. జీపులు వెళ్ళిపోయాయి. షామియానా వాళ్ళు తాళ్ళు విప్పడానికి వచ్చి, జనం లేవకపోవడం చూసి, తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. "మనం ఇక్కడ కూకుంటే నడపలేమన్నాడు కదా" అంది పార్వతమ్మ. ముసలివాళ్ళు కండువాలు నేల మీద పరుచుకున్నారు. కొందరు ఆడవాళ్ళు లేచి ఇళ్ళవైపు నడిచారు; వెళ్ళిపోయారేమో అనుకుంటే, అన్నం గిన్నెలతో మళ్ళీ వచ్చారు.

ముకుందరావు వచ్చి చెల్లెలి పక్కన గడ్డిలో చతికిలబడ్డాడు. ఊర్మిళ తల్లి తొడ మీద తల పెట్టుకుని వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. దిళ్ళు లేకుండా, కూర్చోకుండా, వెల్లకిలా. మెడ కింద గుంట పడట్లేదు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"పొద్దు వాలింది. ఇంటికెళ్దామా చెల్లీ" అన్నాడు చివరికి. "చలిగాలి తగుల్తుందేమో."

రాజ్యం కూతురి నుదుటి మీద వెంట్రుకలు సర్దింది. చిమ్నీ కొస వైపు ఒకసారి చూసి, కొంగు తీసి పిల్ల కాళ్ళ మీద కప్పింది.

"ఇంకాసేపు కూకుందాం అన్నియ్యా" అంది. "ఆళ్ళు మొదలెట్టీదాకా."